తాకకుండానే లాగే నీరు

రేవులో పక్కపక్కన కట్టిన పడవల ముందునుంచి పెద్ద లాంచీ దాటిపోతే అవి ఊగి, మోకులు బిగుసుకుపోవడం యానాంలోనో మరోచోటనో మీరు చూసే ఉంటారు. లాంచీ వాటిని ముట్టుకోదు. ఆ పని చేసేది నీరు. ఈ సంగతే 1911లో ఇంగ్లండులో కోర్టుకెక్కింది.

ఆ ఏడాది సెప్టెంబరు 20న 45 వేల టన్నుల ఒలింపిక్ ఓడ సౌతాంప్టన్ నుంచి న్యూయార్కుకు బయలుదేరింది. సొలెంట్ జలసంధిలో నౌకాదళం వారి క్రూయిజరు హాక్ దాని కుడిపక్కకు వచ్చింది. ఒలింపిక్‌తో పోలిస్తే అది పిల్ల ఓడ, ఏడువేల టన్నుల పైచిలుకు. రెండూ కొంతదూరం పక్కపక్కనే సాగాయి. ఉన్నట్టుండి హాక్ ఎడమకు తిరిగి, ఒలింపిక్ వెనుక భాగాన్ని ముక్కుతో పొడిచింది. అదృష్టం, ఎవరూ చనిపోలేదు.

తప్పెవరిది? హాక్ చుక్కాని సరిగా తిప్పలేదని ఓడ కంపెనీ వారు, పెద్ద ఓడే తమను లాక్కుందని నౌకాదళం వారు వాదించారు. వినడానికి సాకులా ఉంది కదూ! కానీ అమెరికా నౌకాదళానికి చెందిన డేవిడ్ టేలర్ తొట్టిలో నమూనా ఓడలతో చేసిన పరీక్షలను సాక్ష్యంగా చెప్పాడు. రెండు ఓడల మధ్య ఇరుకు సందులో నీరు వేగంగా పారుతుంది. వేగం పెరిగిన చోట ఒత్తిడి తగ్గుతుంది. ఇది బెర్నౌలీ 1738లోనే గ్రంథస్థం చేసిన విషయం. బయటివైపు నీటి ఒత్తిడి ఎక్కువగానే ఉంటుంది గనుక ఓడలు ఒకదానివైపు ఒకటి జరుగుతాయి. లోతు తక్కువైతే మరీను. కోర్టు ఒలింపిక్‌దే తప్పంది. అయితే అక్కడ రేవు పైలట్‌ను పెట్టుకోవడం చట్టరీత్యా తప్పనిసరి గనుక కంపెనీ నష్టపరిహారం కట్టనక్కరలేదంది. గెలిచిన నౌకాదళానికీ దమ్మిడీ రాలలేదు!

ఒలింపిక్ మరమ్మతులవల్ల టైటానిక్ తొలి ప్రయాణం 1912 మార్చి 20 నుంచి ఏప్రిల్ 10కి వాయిదా పడింది. ఆ రోజు సౌతాంప్టన్ రేవులో, బొగ్గు సమ్మెవల్ల కదలని ఓడలు జంటలుగా కట్టివున్నాయి. ఓషియానిక్ పక్కన న్యూయార్క్ అనే ఓడ ఉంది. టైటానిక్ పక్కగా వెళ్ళగానే న్యూయార్క్ ఎత్తుకు లేచి దిగింది. మోకులు తుపాకులు పేలినట్టు తెగాయి. దాని వెనుక భాగం టైటానిక్‌వైపు కొట్టుకువచ్చింది.

వంతెన మీద కెప్టెన్ స్మిత్, పైలట్ జార్జి బౌయర్. ఒలింపిక్ మీదా వీరిద్దరే! ఎడమవైపు ప్రొపెల్లరును తిప్పించి, ఆ నీటి తోపుతోనే న్యూయార్క్‌ను వెనక్కి నెట్టారు. వల్కన్ అనే టగ్గు మోకు తగిలించి పట్టుకుంది. కొద్ది అడుగుల దూరంలో ప్రమాదం తప్పింది. టైటానిక్ సుమారు గంట ఆలస్యంగా రేవు దాటింది.