కుళాయి వాషర్ మీద చుట్టిన రేడియో

హ్యామ్ రేడియో, అంటే అభిరుచి కొద్దీ నడుపుకునే అమెచ్యూర్ రేడియో, క్లబ్బు పెట్టుకోవడం అంత కష్టమైన పనేమీ కాదు. నలుగురు ఆసక్తి ఉన్నవాళ్లు, ఒక గది, మేడ మీద రెండు గడలు నిలబెట్టుకునే చోటు ఉంటే మొదలుపెట్టొచ్చు. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు సుమారు 20 మీటర్ల రాగి తీగ తీసుకుని, సరిగ్గా సగానికి కత్తిరించి, ఆ నడిమి నుంచి కోయాక్స్ కేబుల్ కిందికి దించితే డైపోల్ యాంటెన్నా తయారు. లైసెన్సు అంటారా, పరీక్ష రాయాలి, కాగితాల కోసం తిరగాలి. ఓపిక ఉంటే అదీ చేతికొస్తుంది. మన దేశంలో క్లబ్బులన్నీ వచ్చి ఆగిపోయింది బల్ల మీద ఉండాల్సిన ట్రాన్స్‌సీవర్ దగ్గర. మాటను పంపేదీ, పట్టేదీ అదే. అది లేకపోతే మిగతావన్నీ ఉండీ లేనట్టే.

ఈ ఇబ్బంది కొత్తది కాదు. 1924లో మద్రాసులో రేడియో క్లబ్బు పెట్టిన సి.వి. కృష్ణస్వామి చెట్టి ఇంగ్లాండు నుంచి తిరిగి వస్తూ విడిభాగాలు వెంట తెచ్చుకోవలసి వచ్చింది. మే 16న మద్రాస్ ప్రెసిడెన్సీ రేడియో క్లబ్ ఏర్పడింది. జూలై 31 నుంచి 40 వాట్ల ట్రాన్స్‌మిటర్‌తో ప్రసారాలు మొదలయ్యాయి. తెలుగు జిల్లాలు సగం ఆ ప్రెసిడెన్సీలోవే కాబట్టి ఆ క్లబ్బు కథ మన కథ కూడా. మూడేళ్లు లాక్కొచ్చి, 1927లో డబ్బు చాలక మూతపడింది. ట్రాన్స్‌మిటర్‌ను మద్రాసు కార్పొరేషన్‌కు అప్పగించారు. దానితో కార్పొరేషన్ 1930 ఏప్రిల్ 1న తన ప్రసారాలు ప్రారంభించింది. ఉత్సాహానికి లోటు లేని క్లబ్బు కూడా ఖర్చు దగ్గర చేతులెత్తేసిందని ఆ మొదటి కథే చెబుతోంది.

1939లో యుద్ధం వచ్చింది, హ్యామ్ లైసెన్సులన్నీ రద్దయ్యాయి. మళ్లీ ఇవ్వడం మొదలుపెట్టింది 1946లో. ఆ తర్వాతి తరం మిలిటరీ వాళ్లు వదిలించుకున్న పాత సెట్లను విప్పి, వాల్వులతో సొంతంగా ట్రాన్స్‌మిటర్లు కట్టుకుంది. 1984లో ప్రభుత్వం వైర్‌లెస్ పరికరాల మీద దిగుమతి సుంకం ఎత్తేశాక కొందరి బల్లల మీదికి జపాన్ సెట్లు వచ్చాయి. అయినా ఆ సెట్టు ధర చాలామందికి నెలల జీతం. అంతకు ఏడాది ముందే, 1983లో, ఎస్. సూరి హైదరాబాదులో నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ అమెచ్యూర్ రేడియోను నెలకొల్పారు. తెలుగునాట హ్యామ్ పరీక్షకు చదువుకున్న ఎంతోమందికి ఆ సంస్థే బడి.

ఆ సంస్థ పేరు 2004 డిసెంబరులో ప్రపంచమంతా వినిపించింది. సంస్థ తరఫున భారతీ ప్రసాద్ ఒక బృందాన్ని తీసుకుని అండమాన్ వెళ్లారు. పోర్ట్ బ్లెయిర్‌లోని ఒక హోటల్లో స్టేషన్ పెట్టి, ఏళ్ల తరబడి గాలిలో వినపడని వీయూ4 కాల్‌సైన్‌తో లోకంలోని హ్యామ్‌లందరినీ పలకరిస్తున్నారు. డిసెంబరు 26 ఉదయం భూమి కంపించింది, వెనకాలే సునామీ వచ్చింది. కరెంటు పోయింది, ఫోన్లు పోయాయి. సరదా కోసం పెట్టిన స్టేషన్ ఆ పూట నుంచి దీవులకూ ప్రధాన భూభాగానికీ మధ్య క్షేమ సమాచారాల దారి అయింది. ఫలానావాళ్లు బతికే ఉన్నారు అన్న ఒక్క ముక్క కోసం కన్నవాళ్లు ఎదురుచూస్తున్న రోజులవి.

ఈ సంగతి తలచుకున్నప్పుడల్లా నాకు తట్టేది ఒకటే. ఆ స్టేషన్ అప్పటికే అక్కడ ఉంది. విపత్తు వచ్చాక పెట్టెలు సర్దుకుని బయల్దేరితే ఆ మొదటి గంటలు దక్కేవి కావు.

సూరత్‌నే తీసుకోండి. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన వరదకు తాపీ నది పొంగి, నగరంలో అధిక భాగం నీట మునిగింది. కరెంటు లేదు, ఫోన్లు మూగబోయాయి. తెలంగాణ జిల్లాల నుంచి మరమగ్గాల పనికి వెళ్లిన చేనేత కుటుంబాలు తరాలుగా ఆ ఊళ్లో ఉన్నాయి. నగరపాలక సంస్థ తెలుగు మాధ్యమంలో బడులు నడిపేటంత పెద్ద సంఖ్య వాళ్లది. అక్కడ ఫోను పలక్కపోతే ఇక్కడ ఊళ్లో ఉన్న తల్లిదండ్రులకు కబురు తెలిసే దారి లేదు. పగటిపూట 7 మెగాహెర్ట్జ్ మీద కొన్ని వందల కిలోమీటర్లు మాట్లాడొచ్చు, మధ్యలో ఏ టవరూ అక్కర్లేదు. కానీ అలాంటి స్టేషన్లు వానాకాలానికి ముందే పేటపేటకూ ఉండాలంటే ఒక్కో దానికి లక్ష రూపాయల సెట్టు ఎవరు కొనిస్తారు?

ఆ ప్రశ్నకు జవాబు హైదరాబాదులోనే పుట్టింది. ఈ శతాబ్దం మొదటి సంవత్సరాల్లో అష్హర్ ఫర్హాన్ అనే హ్యామ్, కాల్‌సైన్ వీయూ2ఈఎస్‌ఈ, ఒక సర్క్యూట్ గీసి అందరికీ అందుబాటులో పెట్టారు. దాని పేరు బిట్‌ఎక్స్. ఆయన వృత్తి టెలికాం సాఫ్ట్‌వేర్. బంజారాహిల్స్‌లోని లామకాన్ తెలిసినవాళ్లకు ఆయన ఆ సాంస్కృతిక వేదిక స్థాపకుల్లో ఒకరిగా కూడా తెలుసు. చవకైన పరికరాలు లేక భారతీయ హ్యామ్‌లు గాలిలోకి రాలేకపోతున్నారు, ఆ లోటు తీర్చడానికే ఈ సర్క్యూట్ అని ఆయన తన వ్యాసం మొదట్లోనే చెప్పుకున్నారు.

ఇందులో కొత్త ఏమిటో తెలియాలంటే సెట్టు లోపలికి ఒకసారి చూడాలి. హ్యామ్‌లు మాట్లాడేది ఎక్కువగా సింగిల్ సైడ్‌బ్యాండ్‌లో. మామూలు ఏఎం ప్రసారంలో శక్తిలో పెద్ద వాటా మాట లేని క్యారియర్‌కే పోతుంది, మిగిలింది కూడా ఒకే మాటను రెండు సైడ్‌బ్యాండుల్లో రెండుసార్లు మోస్తుంది. క్యారియర్‌నూ, ఒక సైడ్‌బ్యాండునూ తీసేసినా మాట చేరుతుందని అమెరికా ఇంజనీరు జాన్ కార్సన్ 1915లోనే పేటెంటుకు దరఖాస్తు పెట్టారు. లాభం పెద్దదే, కానీ సర్క్యూట్ చిక్కుపడుతుంది. మైకులోంచి వచ్చిన మాట మాడ్యులేటర్‌లోకి, అక్కణ్నుంచి క్రిస్టల్ ఫిల్టర్‌లోకి, ఆపైన మిక్సర్‌లోకి, చివరికి యాంటెన్నాకు పోవాలి. వినేటప్పుడు ఇదే వరుస తిరగబడుతుంది: యాంటెన్నా, మిక్సర్, ఫిల్టర్, డిటెక్టర్, స్పీకర్. రెండు పనులకూ ఖరీదైన క్రిస్టల్ ఫిల్టర్ ఒకటే వాడుకోవాలని ప్రతి డిజైనరూ చూస్తాడు. దాంతో పంపేటప్పుడొక దారికీ వినేటప్పుడొక దారికీ మళ్లించడానికి రిలేలు, స్విచ్చులు, వాటి తీగలు పెరుగుతాయి. కొత్తగా కట్టేవాడు తడబడేది సరిగ్గా అక్కడే.

ఫర్హాన్ చూసింది ఇది. డయోడ్లతో కట్టిన మిక్సర్‌కు ముందూ వెనకా లేదు, ఎటునుంచి ఇచ్చినా పనిచేస్తుంది. క్రిస్టల్ ఫిల్టరూ అంతే. ఒకవైపే పోనిచ్చేది యాంప్లిఫయర్ ఒక్కటే. అలాంటప్పుడు యాంప్లిఫయర్ ఉండాల్సిన ప్రతి చోటా రెండింటిని ఎదురెదురుగా పెట్టి, అవసరమైన దానికి మాత్రమే కరెంటు ఇస్తే సరిపోతుంది. ఒకే వరుస ఉన్న వంతెన మీద ఒకసారి అటువాళ్లనూ, ఒకసారి ఇటువాళ్లనూ వదిలినట్టు. మైకు మీద బటన్ నొక్కితే పన్నెండు వోల్టులు పంపే వరుసకు అందుతాయి. వదిలేస్తే వినే వరుసకు. సిగ్నల్ దారిని మధ్యలో ఎక్కడా తెంచి అతకాల్సిన పని లేదు. బిట్‌ఎక్స్‌ను చూసినప్పుడల్లా నాకు ముచ్చటేసేది ఈ ఒక్క ఆలోచన తేటతనమే.

ఆ తర్వాత ఆయన పడిన శ్రమంతా వస్తువులు ఎక్కడ దొరుకుతాయన్న దాని మీదే. యాంప్లిఫయర్ బలాన్ని ట్రాన్సిస్టర్ నాణ్యతకు వదలకుండా చుట్టూ ఉన్న రెసిస్టర్లకు అప్పగించారు. అందువల్ల ఏ చిన్న ఎన్‌పీఎన్ ట్రాన్సిస్టరైనా పనికొస్తుంది. బీసీ547 అయితే కోఠి గుజరాతీ గల్లీలో మొదటి దుకాణంలోనే దొరుకుతుంది. ఫిల్టర్‌కు కావాల్సిన 10 మెగాహెర్ట్జ్ క్రిస్టళ్లు డిజిటల్ సర్క్యూట్ల కోసం అమ్మేవే. ట్రాన్స్‌ఫార్మర్లకు టీవీ యాంటెన్నాల్లో వాడే బాలన్ కోర్లు. చివర్న సిగ్నల్‌కు బలమిచ్చే ఐఆర్‌ఎఫ్510, నిజానికి మోటార్లకూ పవర్ సప్లైలకూ స్విచ్చుగా పనిచేయడానికి చేసిన మాస్‌ఫెట్. ట్యూనింగ్ లెక్క కూడా చిన్నదే: 4 మెగాహెర్ట్జ్ దగ్గర తిరిగే ఆసిలేటర్‌కు 10 కలిస్తే 14, అంటే దూరదేశాలు పలికే ఇరవై మీటర్ల బ్యాండు.

ఇక కాయిల్స్. విదేశీ పుస్తకాల్లో ఏ సర్క్యూట్ తీసినా ఇనుప పొడితో చేసిన టొరాయిడ్ మీద చుట్టమని ఉంటుంది. ఆ టొరాయిడ్లు మన బజార్లలో ఉండవు. ఫర్హాన్ వాటి బదులు కుళాయిలకు వేసే నైలాన్ వాషర్లు వాడారు. వేలికి సరిపడే వాషర్, దాని మధ్యలోంచి ఎనామెల్ పూత ఉన్న సన్నని రాగి తీగ. ఒకసారి లోపల్నుంచి పైకి లాగితే ఒక చుట్టు. చుట్టు మీద చుట్టు పడకుండా, పక్కపక్కనే ఒద్దికగా పేర్చుకుంటూ పోవాలి. చివర రెండు కొసల ఎనామెల్‌ను బ్లేడుతో గీకి, రాగి మెరిసేదాకా శుభ్రం చేసి టంకం పెట్టాలి. నైలాన్‌కు అయస్కాంత గుణం లేదు కాబట్టి టొరాయిడ్ కంటే ఎక్కువ చుట్లు పడతాయి. అందులోనే ఒక మేలు కూడా ఉంది. వేడెక్కినప్పుడు కోర్ గుణం మారి ఫ్రీక్వెన్సీ జరిగిపోయే బాధ వాషర్‌తో ఉండదు. ఇంటి పక్క శానిటరీ దుకాణంలో రూపాయో రెండో పెట్టి కొన్న వస్తువు ఆ చోట ఇబ్బంది లేకుండా ఇమిడింది.

ఇలా కట్టిన సెట్టు 6 వాట్లు పంపుతుంది. ఇంట్లో ఎల్‌ఈడీ బల్బు తీసుకునే దానికంటే తక్కువే. బ్యాండు తెరుచుకున్న వేళ ఆ ఆరు వాట్ల మాట ఖండాలు దాటింది. పన్నెండు వోల్టులు చాలు కాబట్టి మోటారుసైకిలు బ్యాటరీతో నడుస్తుంది. వరద ఊళ్లో కరెంటు పోయినప్పుడు ఇంతకంటే కావాల్సిన గుణం మరొకటి లేదు. మన కోసం గీసిన సర్క్యూట్‌ను అన్నీ దొరికే దేశాల్లోని హ్యామ్‌లు కూడా ఇష్టంగా కట్టుకున్నారు. అమెరికాలో, యూరప్‌లో బిట్‌ఎక్స్ పేరు తెలియని హోమ్‌బ్రూ హ్యామ్ అరుదు.

టంకం కడ్డీ పట్టుకోలేని వాళ్ల కోసం 2016 చివర్లో బిట్‌ఎక్స్40 వచ్చింది. 7 మెగాహెర్ట్జ్ బ్యాండుకు తయారు చేసి, పరీక్షించి ఇచ్చిన బోర్డు, ధర అప్పట్లో అరవై డాలర్ల లోపు. బోర్డుల మీద కాయిల్స్‌ను హైదరాబాదులో ఒక మహిళా బృందం చేత్తో చుట్టింది. వాషర్ల స్థానంలోకి టొరాయిడ్లు వచ్చాయి గానీ తీగ చుట్టడం మాత్రం వేళ్ల పనిగానే మిగిలింది. మరుసటి ఏడాది చివర్లో 3 నుంచి 30 మెగాహెర్ట్జ్ దాకా అన్ని బ్యాండులూ పలికే మైక్రోబిట్‌ఎక్స్, ఆపైన రాస్ప్‌బెర్రీ పై కంప్యూటర్‌తో నడిచే ఎస్‌బిట్‌ఎక్స్ వచ్చాయి.

క్లబ్బు స్టేషన్‌కు ఈ సెట్టు నప్పడానికి ధర ఒక్కటే కారణం కాదని నా నమ్మకం. క్లబ్బు సెట్టు మీద పది చేతులు పడతాయి. యాంటెన్నా తగిలించకుండానే ఎవరో ఒకరు బటన్ నొక్కుతారు, చివరి మాస్‌ఫెట్ కాలిపోతుంది. ఖరీదైన ఫ్యాక్టరీ సెట్టయితే సర్వీసు సెంటర్‌కు పంపి నెలలు ఎదురుచూడాలి, ఈలోగా గదికి తాళం. ఫలితంగా ఆ సెట్టును కుర్రాళ్ల చేతికి ఇవ్వడానికే పెద్దలు జంకుతారు, కుర్రాళ్లు రావడం మానేస్తారు. బిట్‌ఎక్స్‌లో ఐఆర్‌ఎఫ్510 పోతే కొత్తది కొనడానికి టీ టిఫిన్ డబ్బు సరిపోతుంది. మూడు కాళ్లు ఊడదీసి మరో మూడు కాళ్లు అతకాలి, బయాస్ కరెంటు మీటరుతో చూసి సరిచేయాలి, అంతే. ఆ పని నేర్పడమే క్లబ్బులో ఒక సాయంత్రం పాఠం అవుతుంది. సర్క్యూట్ కాగితం దాచలేదు. మైక్రోబిట్‌ఎక్స్‌ను నడిపే ప్రోగ్రాము కూడా ఎవరైనా మార్చుకుని, మార్చింది మళ్లీ పంచుకునే లైసెన్సుతోనే వచ్చింది. ఆ సెట్టును నడిపే చిన్న ఆర్డినో బోర్డు మీద కొన్ని పిన్నులను ఫర్హాన్ ఖాళీగా వదిలారు, కొనుక్కున్నవాళ్లు తమకు తోచింది అక్కడ తగిలించుకోవడానికి.