పాత వ్యాన్‌కు అదనపు బ్రేక్ లైట్.. ఎక్కడ పెట్టాలి? వైరింగ్ ఎలా? రూల్స్ ఏం చెబుతున్నాయి?

తెల్లవారుజాము. పొదిలి నుంచి ఒంగోలు వెళ్లే రోడ్డు. ఓ పాత వ్యాన్ వెళ్తోందనుకుందాం. నిండా మూటలు, పైన కట్టిన టార్పాలిన్ పట్టా వెనక వైపు జారి వేలాడుతోంది. చీమకుర్తి దాటాక వెనకాల గ్రానైట్ లారీ వచ్చి చేరింది. ముందు గేదెలు అడ్డం వచ్చాయి. వ్యాన్ డ్రైవర్ బ్రేక్ తొక్కాడు. లైట్ వెలిగిందా? వెలిగినా పట్టా చాటు నుంచి లారీ డ్రైవర్‌కు కనిపించిందా?

బండిలో డ్రైవర్‌కు కనిపించని లైట్ ఏదైనా ఉందంటే అది బ్రేక్ లైటే. హెడ్‌లైట్ పోతే వెంటనే తెలుస్తుంది. బ్రేక్ లైట్ పోతే ఎవరో చెప్పాలి, లేదా ఎవరో వచ్చి గుద్దాలి. అందుకే పాత వ్యాన్లు నడిపేవాళ్లు చాలామంది అదనపు బ్రేక్ లైట్ పెట్టించాలని చూస్తున్నారు. ఆలోచన మంచిదే. కానీ ఎక్కడ పడితే అక్కడ, ఏ రంగు పడితే ఆ రంగు పెట్టిస్తే లాభం కంటే నష్టమే ఎక్కువ. పూర్తి వివరాలు ఇప్పుడు చూద్దాం.

వెనక నుంచి గుద్దుకోవడమే ఎక్కువ

కేంద్ర రోడ్డు రవాణా శాఖ 2022 నివేదిక ప్రకారం దేశంలో ఆ ఏడాది 4,61,312 రోడ్డు ప్రమాదాలు జరిగాయి. 1,68,491 మంది చనిపోయారు. ఇందులో వెనక నుంచి ఢీకొట్టిన ప్రమాదాలు దాదాపు 21 శాతం. మిగతా ఏ రకం ప్రమాదాల కన్నా వీటి వాటానే ఎక్కువ.

లెక్క సింపుల్. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వెళ్లే బండి ఒక్క సెకనులో దాదాపు 17 మీటర్లు దూసుకెళ్తుంది. ముందు బండి ఆగుతోందన్న సంగతి వెనక డ్రైవర్‌కు ఒక్క సెకను ఆలస్యంగా తెలిసినా ఆ 17 మీటర్లు పోయినట్టే. లోడు మీదున్న లారీకి ఆ దూరమే ప్రాణం.

పశ్చిమ ప్రకాశంలో ఈ సమస్య మరింత ఎక్కువ. సీజన్‌లో పొదిలి పొగాకు వేలం కేంద్రానికి బేళ్లతో బండ్లు వస్తుంటాయి. మిర్చి టిక్కీలు గుంటూరు యార్డుకు వెళ్తుంటాయి. పత్తి లోడు గురించి చెప్పనక్కర్లేదు, బరువు తక్కువ, సైజు ఎక్కువ. బాడీ దాటి బయటకు పొంగుతుంది. కింద ఉన్న రెండు బ్రేక్ లైట్లు ఆ లోడు చాటునో, పట్టా చాటునో, దుమ్ము కిందో ఉండిపోతాయి. ఇక మిర్చి కోతల టైమ్‌లో కూలీలను ఎక్కించుకుని పొగమంచులో బయల్దేరే బండ్ల సంగతి వేరే చెప్పాలా?

మూడో బ్రేక్ లైట్ కథ ఇదీ

ఇప్పటి కార్లకు వెనక అద్దం దగ్గర మధ్యలో ఓ ఎర్ర లైట్ కనిపిస్తుంది కదా. దాన్ని హై మౌంట్ స్టాప్ ల్యాంప్ అంటారు. దీని వెనక ట్యాక్సీల కథ ఉంది.

అమెరికాలో జాన్ వోవోడ్‌స్కీ అనే సైకాలజిస్ట్ శాన్‌ఫ్రాన్సిస్కోలో 343 ట్యాక్సీలకు వెనక భాగంలో అదనపు హెచ్చరిక లైట్ పెట్టించి చూశారు. 1974లో ఫలితాలు ప్రచురించారు. లైట్ లేని ట్యాక్సీలతో పోలిస్తే వీటిని వెనక నుంచి గుద్దిన ఘటనలు దాదాపు 60 శాతం తగ్గాయి. ఆయన వాడింది పసుపు రంగులో మెరిసే లైట్. తర్వాత వాషింగ్టన్‌లో మళ్లీ ట్యాక్సీల మీదే వేరే బృందం పరీక్షలు చేసింది. మెరవకుండా నిలకడగా వెలిగే ఎర్ర లైట్‌ను మధ్యలో, కాస్త ఎత్తులో పెడితే మంచి ఫలితం వస్తుందని తేలింది. దీంతో అమెరికాలో 1986 మోడల్ కార్ల నుంచి, 1994 మోడల్ వ్యాన్లు, చిన్న ట్రక్కుల నుంచి ఈ లైట్ తప్పనిసరి అయింది.

అయితే అందరి కార్లకూ ఈ లైట్ వచ్చేశాక ప్రభావం తగ్గింది. అక్కడి రోడ్డు భద్రతా సంస్థ 1998లో లెక్క తీస్తే, దీర్ఘకాలంలో తగ్గిన ప్రమాదాలు 4.3 శాతమే అని తేలింది. అంటే ఈ లైట్ మాయమంత్రం కాదు. కానీ కొద్ది ఖర్చుతో వచ్చే లాభం అన్నది మాత్రం నిజం.

ముందు ఉన్న రెండూ చూసుకోండి

కొత్తది కొనే ముందు పాతవి ఎలా ఉన్నాయో చూడాలి. మెటాడోర్, ఓమ్ని లాంటి పాత వ్యాన్లలో మామూలుగా కనిపించే సమస్యలివి.

- లెన్స్ రంగు వెలిసిపోవడం. ఎర్ర గ్లాస్ గులాబీ రంగులోకి మారిందంటే మార్చేయాలి.
- లోపలి రిఫ్లెక్టర్ తుప్పు పట్టడం. బల్బు కొత్తదైనా వెలుగు బయటకు రాదు.
- వోల్టేజ్ తగ్గడం. బల్బుకు అందే వోల్టేజ్ పది శాతం తగ్గితే వెలుగు దాదాపు 30 శాతం పడిపోతుంది. పాత వైర్లు, తుప్పు పట్టిన కనెక్టర్లే దీనికి కారణం.
- ఎర్త్ లూజ్. బ్రేక్ తొక్కితే ఇండికేటర్ కూడా సన్నగా వెలుగుతోందా? పార్కింగ్ లైట్ వేసి ఉన్నప్పుడు బ్రేక్ తొక్కితే వెలుగు పెరగాల్సింది పోయి తగ్గుతోందా? అయితే అది ఎర్త్ సమస్యే.
- బ్రేక్ స్విచ్ అరిగిపోవడం. పెడల్ మీద కాలు కొద్దిగా నొక్కగానే లైట్ రావాలి. బండి సగం ఆగాక వస్తే ఉపయోగం లేదు. కొన్ని పాత బండ్లలో స్విచ్ పెడల్ దగ్గర ఉండదు, బ్రేక్ ఆయిల్ లైన్‌లో ఉంటుంది. ఇది ఆయిల్ ప్రెషర్ వస్తేనే పనిచేస్తుంది. దాన్ని మెకానిక్‌తోనే మార్పించాలి.

ఇవి సరిచేయకుండా పైన కొత్త లైట్ పెడితే జబ్బు అలాగే ఉంటుంది, పైకి మాత్రం బాగున్నట్టు కనిపిస్తుంది.

ఎక్కడ పెట్టాలి?

ఒకటే సూత్రం. లోడు వేసినా, పట్టా కట్టినా, వెనక డోర్ తెరిచినా కనిపించాలి.

మూసి ఉన్న వ్యాన్ అయితే వెనక అద్దం పైభాగంలో సరిగ్గా మధ్యలో పెట్టించడం మేలు. అద్దం లోపల పెడితే వెలుగు అద్దం మీద పడి డ్రైవర్ మిర్రర్‌లోకి కొడుతుంది. లైట్ చుట్టూ రబ్బర్ అంచు ఉండేలా చూసుకోవాలి. అద్దానికి నల్ల ఫిల్మ్, స్టిక్కర్లు ఉంటే లోపల పెట్టి ప్రయోజనం లేదు.

టాప్ మీద క్యారియర్ ఉన్న వ్యాన్ అయితే లైట్‌ను క్యారియర్ వెనక కడ్డీకి బిగించవచ్చు. పట్టా కట్టేటప్పుడు తాడు దాని మీదుగా రాకుండా చూసుకోవాలి. ఓపెన్ బాడీ బండి అయితే మధ్యలో ఒకటి పెట్టే కన్నా, బాడీ వెనక రెండు మూలల్లో నిలువు కడ్డీల పైభాగాన ఒకే ఎత్తులో రెండు పెట్టడం నయం. లోడు బయటకు పొంగినా ఏదో ఒకటి కనిపిస్తుంది.

ఎల్ఈడీనా? మామూలు బల్బా?

అదనపు లైట్ వరకు ఎల్ఈడీయే మంచిది. మామూలు బల్బులో ఫిలమెంట్ వేడెక్కి పూర్తి వెలుగు రావడానికి సెకనులో దాదాపు ఐదో వంతు పడుతుంది. ఎల్ఈడీ తొక్కిన వెంటనే వెలుగుతుంది. గంటకు 80 కిలోమీటర్ల వేగంలో ఆ తేడా విలువ నాలుగు మీటర్లకు పైనే. కరెంట్ కూడా తక్కువ లాగుతుంది. కుదుపులకు ఫిలమెంట్ తెగే బాధ ఉండదు.

పాత ల్యాంప్‌లో బల్బు తీసి ఎల్ఈడీ వేయాలనుకుంటే మాత్రం ఎర్ర ఎల్ఈడీయే కొనాలి. ఎర్ర లెన్స్ వెనక తెల్ల ఎల్ఈడీ పెడితే వెలుగు పాలిపోయి కనిపిస్తుంది. కొనే ముందు బండి ఎన్ని వోల్టులదో చూసుకోండి. చిన్న వ్యాన్లు ఎక్కువగా 12 వోల్టులు, పెద్ద లారీలు 24. బాగా పాత జీపుల్లో 6 వోల్టులవీ ఉన్నాయి.

వైరింగ్ ఇలా..

బ్రేక్ లైట్‌లో ఒక్కో బల్బు 21 వాట్లు. 12 వోల్టుల దగ్గర ఒక్కోటి 1.75 ఆంపియర్లు లాగుతుంది. రెండింటికీ 3.5. ఇంకో రెండు అలాంటి బల్బులే కలిపితే 7 ఆంపియర్లు. ముప్పై ఏళ్ల నాటి స్విచ్, సన్నటి వైరు ఈ భారం మోయలేవు. స్విచ్ కాంటాక్టులు కాలిపోతే పాతవీ కొత్తవీ అన్నీ ఒకేసారి ఆరిపోతాయి. భద్రత కోసం చేసిన పని తిరిగి మన మీదకే వస్తుంది.

ఒక్క చిన్న ఎల్ఈడీ లైట్ అయితే నేరుగా బ్రేక్ లైట్ వైరుకు కలిపినా ఫర్వాలేదు. అంతకు మించితే రిలే పెట్టాల్సిందే. ఆటో ఎలక్ట్రీషియన్‌కు ఇది రోజువారీ పనే. ఆయన ఎలా కలుపుతున్నారో మీకూ తెలిసి ఉండటం మంచిది.

1. ముందు బ్యాటరీ ఎర్త్ టెర్మినల్ తీసేయాలి.
2. బ్యాటరీ నుంచి వచ్చే వైరును ఫ్యూజ్ మీదుగా రిలే 30 నంబర్ పిన్‌కు ఇవ్వాలి. ఫ్యూజ్ బ్యాటరీకి దగ్గర్లోనే ఉండాలి. ఎల్ఈడీలకు 5 ఆంపియర్లు చాలు, రెండు 21 వాట్ల బల్బులకు 7.5.
3. పాత బ్రేక్ లైట్‌కు వెళ్లే వైరు నుంచి సన్నటి వైరు తీసి 86కు కలపాలి. 85ను ఎర్త్ చేయాలి.
4. 87 నుంచి కొత్త లైట్‌కు వైరు లాగాలి.
5. కొత్త లైట్ ఎర్త్‌ను పెయింట్ గీకిన గట్టి లోహానికి బోల్టుతో బిగించాలి. క్యారియర్ కడ్డీని ఎర్త్‌గా నమ్ముకోవద్దు. వెనక్కి విడిగా ఎర్త్ వైరు లాగడమే నయం.
6. వైరు రేకు గుండా వెళ్లే ప్రతి చోటా రబ్బర్ గ్రామెట్ వేయాలి. లేదంటే కుదుపులకు ఇన్సులేషన్ కోసుకుపోయి షార్ట్ అవుతుంది.

ఈ పద్ధతిలో ఇంకో లాభం ఉంది. కొత్త లైట్ దగ్గర షార్ట్ అయితే దాని ఫ్యూజే పోతుంది. పాత రెండు బ్రేక్ లైట్లూ మామూలుగానే వెలుగుతాయి.

రూల్స్ ఏం చెబుతున్నాయి?

కేంద్ర మోటారు వాహనాల నిబంధనలు 1989లో 102వ నిబంధన ప్రకారం బ్రేక్ లైట్ ఎర్రగా ఉండాలి, బండి వెనక ఉండాలి, సర్వీస్ బ్రేక్ తొక్కితే వెలగాలి. 108వ నిబంధన ప్రకారం బండి వెనక వైపు ఎరుపు తప్ప వేరే రంగు లైట్ కనిపించకూడదు. ఇండికేటర్, రివర్స్ లైట్, నంబర్ ప్లేట్ లైట్ లాంటివాటికే మినహాయింపు. అంటే నీలం, ఆకుపచ్చ, రంగులు మారే పట్టీలు బ్రేక్ లైట్‌గా కుదరవు.

అనుమతి లేని మార్పులు చేస్తే మోటారు వాహనాల చట్టం సెక్షన్ 182ఏ(4) కింద యజమానికి ఒక్కో మార్పుకు 5,000 రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల వరకు జైలు, లేదా రెండూ పడొచ్చు. చట్టంలో మార్పు అంటే బండి మౌలిక స్వరూపం మారడం. ఎర్ర లైట్ ఒకటి బిగించడం ఛాసిస్ కోయడం లాంటిది కాదు. అయినా బాడీకి రంధ్రాలు పెట్టే ముందు రవాణా శాఖ ఆఫీసులో బ్రేక్ ఇన్‌స్పెక్టర్‌ను ఒక మాట అడిగితే పోయేదేం లేదు. రవాణా వాహనాలకు ఎనిమిదేళ్లు దాటాక ఏటా ఫిట్‌నెస్ తప్పదు కాబట్టి ఎలాగూ అక్కడికి వెళ్లాల్సిందే.

మరి వింటేజ్ బండి అయితే?

పాతవన్నీ వింటేజ్ కావు. 2021లో వచ్చిన నిబంధనల ప్రకారం మొదటి రిజిస్ట్రేషన్ నుంచి 50 ఏళ్లు దాటిన, సొంత అవసరానికి వాడే టూ వీలర్లు, ఫోర్ వీలర్లే ఆ కోవలోకి వస్తాయి. వీటికి నంబర్‌లో ‘వీఏ’ అక్షరాలు ఇస్తారు. కొత్త రిజిస్ట్రేషన్ ఫీజు 20,000 రూపాయలు, పదేళ్లు చెల్లుతుంది. వీటిని రోజువారీ ప్రయాణాలకు, కిరాయికి వాడకూడదు. ఛాసిస్, బాడీ షెల్, ఇంజిన్‌లో పెద్ద మార్పులు చేసి ఉండకూడదు. అందుకే ఇలాంటి బండికి బాడీకి రంధ్రం పెట్టకుండా, అవసరమైతే తీసేయగలిగే లైట్ పెట్టుకోవడం తెలివైన పని.

ఈ తప్పులు చేయొద్దు

- మెరిసే లైట్లు వద్దు. వెనక డ్రైవర్ దాన్ని ఇండికేటర్ అనుకుంటే పక్క నుంచి ఓవర్‌టేక్‌కు వస్తాడు.
- అదనపు బ్రేక్ లైట్‌ను పార్కింగ్ లైట్ వైరుకు కలపొద్దు. ఎప్పుడూ వెలిగే లైట్ ఆగుతున్నామని చెప్పదు. బండి వెనక డజను ఎర్ర లైట్లు వెలుగుతుంటే అందులో బ్రేక్ లైట్ ఏదో ఎవరికీ అర్థం కాదు.
- కళ్లు చెదిరేంత పవర్ ఉన్నవి వద్దు. రాత్రిపూట వెనక బైక్ మీద వచ్చేవాళ్లకు రోడ్డే కనిపించదు.
- లైట్ పెట్టాం కదా అని రిఫ్లెక్టివ్ టేప్ మర్చిపోవద్దు. వెనక ఎర్ర టేప్ ఉండాలి. బ్యాటరీ దిగిపోయి రోడ్డు పక్కన ఆగిపోయిన బండిని చీకట్లో కాపాడేది అదే.

రోజూ ఒక్క నిమిషం

లైట్ పెట్టించడంతో పని అయిపోదు. పొద్దున బండి తీసే ముందు వెనక ఎవరినైనా నిలబెట్టి బ్రేక్ తొక్కండి. ఎవరూ లేకపోతే బండిని గోడకు దగ్గరగా వెనక్కి పెట్టి తొక్కండి, ఎర్ర వెలుగు గోడ మీద పడుతుంది. ఎన్ని వెలిగాయో మిర్రర్‌లో చూసుకోవచ్చు. లోడు వేశాక, పట్టా కట్టాక బండి వెనక్కి ఓ ఇరవై అడుగులు నడిచి ఒకసారి చూడండి. లైట్ల మీద దుమ్ము ఉంటే తడి గుడ్డతో తుడవండి.

ఇంత చేసినా ఆ లైట్ వెలిగింది లేనిదీ దారిలో డ్రైవర్‌కు తెలియదు. వెనక వచ్చేవాళ్లు హారన్ కొట్టి ‘లైట్ లేదు’ అని చెబితే విసుక్కోకుండా పక్కకు ఆపి చూసుకోండి. ముందు వెళ్లే బండికి లైట్ లేదని మీరు గమనిస్తే మీరూ చెప్పండి.