కొండపల్లి ట్యాంకర్ వెనక చిల్లుల పళ్ళేల కథ

కొండపల్లి అనగానే బొమ్మలు, ఖిల్లా గుర్తొస్తాయి కదా. ఇవాళ నేను ఆ రెండింటి జోలికీ వెళ్ళట్లేదు. ఇక్కడి ఆయిల్ టెర్మినల్ దగ్గర ట్యాంకర్ల లైను వెనక బైకు ఆపినప్పుడు నాకో డౌటొచ్చింది. నల్లటి క్రూడ్‌లోంచి పెట్రోలు విడిగా ఎలా వస్తుంది?

మన విశాఖ రిఫైనరీ 1957లో కాల్టెక్స్ పేరుతో మొదలై, 1978లో హెచ్‌పీసీఎల్‌లో కలిసింది. అక్కణ్ణించి విజయవాడకి 1998లో పైపులైను వచ్చింది. అయితే క్రూడ్‌ని విడదీసేది రిఫైనరీలోని పొడవాటి టవర్. దాని కథ పెట్రోలుతో కాదు, సారాతో మొదలైంది!

బట్టీలో ఒక్కసారి కాస్తే సరుకు పూర్తిగా విడిపోదు, మళ్ళీ మళ్ళీ కాచాలి. ఐర్లండ్‌లో ఏనియస్ కాఫీ అనే ఎక్సైజ్ అధికారి ఉండేవాడు. దొంగసారా కాచేవాళ్ళ చేతిలో దెబ్బలు తిన్న మనిషి. ఉద్యోగం మానేశాక 1830లో ఆయనే ఒక టవర్‌కి పేటెంట్ తీసుకున్నాడు. లోపల చిల్లుల రాగి పళ్ళేలు. పైనుంచి ద్రవం దిగుతుంది, కిందనుంచి ఆవిరి చిల్లుల్లోంచి బుడగలుగా ఎక్కుతుంది. ఆ బుడగ తేలికగా మరిగేదాన్ని తీసుకుని, బరువైనదాన్ని ద్రవంలో వదిలేస్తుంది. అంటే ఒక్కో పళ్ళెం ఒక్కో బట్టీ అన్నమాట.

1893లో ఫ్రాన్స్‌లో సోరెల్ పళ్ళెం పళ్ళేనికీ లెక్క కట్టాడు. కాగితం మీద ప్రతి పళ్ళెమూ నూటికి నూరు పనిచేస్తుంది. నిజంలో చెయ్యదు! బుడగ ద్రవంలో ఉండేది క్షణకాలమే, ఇచ్చిపుచ్చుకోవడం సగంలో ఆగిపోతుంది. 1925లో అమెరికాలో మర్ఫ్రీ దీనికో కొలత పెట్టాడు. ఆవిరి నిజంగా ఎంత మారింది, పూర్తి టైమిస్తే ఎంత మారేది? ఈ రెండిటి నిష్పత్తే పళ్ళెం సామర్థ్యం.

ఉదాహరణకి లెక్కలో 20 పళ్ళేలు చాలనుకోండి. ఒక్కోటి మూడింట రెండు వంతులే పనిచేస్తే 30 కట్టాలి. ఆవిరి తగ్గితే ద్రవం చిల్లుల్లోంచి కారిపోతుంది. మరీ ఎక్కువైతే ద్రవాన్నే పైకి ఎగరేస్తుంది. రెండిట్లోనూ సామర్థ్యం పడిపోతుంది. అప్పుడు చల్లార్చిన ద్రవాన్ని ఇంకా ఎక్కువగా వెనక్కి పంపి, మళ్ళీ కాచాలి. అంటే ఇంధనం తయారుచెయ్యడానికే మరింత ఇంధనం మండించాలి!

నాకు నచ్చిందేంటంటే, మర్ఫ్రీ పళ్ళేన్ని పర్ఫెక్ట్ చెయ్యలేదు, అది ఎంత తక్కువ చేస్తోందో లెక్క చెప్పాడంతే. ఆ లోటు తెలిశాకే ఎన్ని పళ్ళేలు కట్టాలో ధైర్యంగా చెప్పగలిగారు. ఈసారి బంకులో ట్యాంకు నింపేటప్పుడు ఆ బుడగని ఒక్కసారి తలుచుకోండి. వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం!