త్రీ నాట్ త్రీ: ఒక తుపాకి, రెండు చరిత్రలు

ఏటా నవంబరులో జింకల వేట మొదలయ్యేసరికి మా ఊరి ఆస్పత్రిలో సందడి తగ్గిపోతుంది. అత్యవసరం కాని ఆపరేషన్లను రోగులే వాయిదా వేసుకుంటారు. మనకా, తుపాకి అంటే పోలీసు భుజాన చూసిందే తప్ప వేరే పరిచయం లేదు. అందుచేత పొరుగింటి పెద్దాయన తన వేట రైఫిలు చూపిస్తానంటే మర్యాదకోసమే వెళ్లాం. తీరా చేతికి తీసుకుని చూస్తే, మడమకు ముందున్న ఉక్కు పట్టీమీద బ్రిటిషు కిరీటం, దాని కింద “ఇషాపూర్”, “1942” అన్న అక్షరాలు!

ఇషాపూర్ కలకత్తా దగ్గర హుగ్లీ ఒడ్డున ఉంది. చిన్నప్పుడు మన ఊళ్లలో పోలీసుల చేతుల్లో చూసిన త్రీ నాట్ త్రీ ఇదేనన్నమాట. ముద్ర చూసేదాకా మేము పోల్చుకోలేకపోయాం. ఆయన దాని రూపురేఖలు అంతగా మార్చేశారు.

ఈ రైఫిలుకు మూలపురుషుడు జేమ్స్ పారిస్ లీ. 1831లో స్కాట్లండులో పుట్టి, చిన్నతనంలోనే కెనడా చేరి, తర్వాత అమెరికాలో స్థిరపడ్డాడు. మనలాగే వలస వచ్చినవాడు. ఆయన రూపొందించిన బోల్టు, తూటాల పెట్టె, ఇంగ్లండులోని ఎన్‌ఫీల్డ్ కర్మాగారం గొట్టం కలిసి 1895లో లీ-ఎన్‌ఫీల్డ్ రైఫిలు అయింది. పెట్టెలో పది తూటాలు పడతాయి. బరువు సుమారు నాలుగు కిలోలు.

సైనిక రైఫిలును వేటకు అనువుగా మార్చడం ఈ దేశంలో పాత అలవాటే. థియొడోర్ రూజ్‌వెల్ట్ అలా మార్పించుకున్న స్ప్రింగ్‌ఫీల్డ్ రైఫిలునే 1909లో ఆఫ్రికా వేటకు తీసుకువెళ్లారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత ఆ వైభోగం సామాన్యుడికీ అందింది. ఐరోపా సైన్యాలు వదిలించుకున్న రైఫిళ్లు ఓడలకొద్దీ వచ్చి, కొత్త వేట రైఫిలు ధరలో చిన్న వంతుకే దొరికాయి. పత్రికలో ప్రకటన చూసి డబ్బు పంపితే పోస్టులో ఇంటికి వచ్చేది.

మిగిలిన పని ఇంట్లోనే. మా పెద్దాయన తన పద్ధతి వివరించారు. ఈ రైఫిలుకు గొట్టం కొసదాకా చెక్క ఉంటుంది. ముందు బాయొనెట్ తగిలించే ఇనుప మూతి తీసేయాలి. చెక్కను సగానికి కోసి, ఆకురాయితో గుండ్రంగా అరగదీసి, గరుకు కాగితంతో నునుపు చేసి, రోజుకొక పూత చొప్పున అవిసె నూనె పట్టించాలి. మడమకు రబ్బరు మెత్త తగిలిస్తే భుజానికి దెబ్బ తగ్గుతుంది. ఇక్కడే ఒక చిక్కుంది. గొట్టం కొస ఆ మూతిలోని చెక్క ఆసరాతోనే కుదురుగా ఉంటుంది. అది పోతే గురి చెదురుతుంది. అందుచేత మిగిలిన చెక్కలో గొట్టం కూర్చునే చోటును మళ్లీ ఓపికగా సరిచేయాలి. ఆయనకు ఒక చలికాలమంతా పట్టిందట.

ఇప్పుడు మన దేశం వైపు చూద్దాం. అక్కడ ఇదే రైఫిలును పనిగట్టుకుని చెడగొట్టారు.

1857 తిరుగుబాటుకు నిప్పు రాజేసింది అప్పటి ఎన్‌ఫీల్డ్ రైఫిలు తూటాలే. ఆ తర్వాత దొరలు భారతీయ సిపాయిలకు గొట్టంలో గాడులు లేని తుపాకులు ఇచ్చారు. గుండును తిప్పి సూటిగా పంపేవి ఆ గాడులే. అవి లేకపోతే దూరపు గురి కుదరదు. తెల్ల సైనికుడికి మాత్రం గాడుల తుపాకే. 1878 ఆయుధాల చట్టంతో భారతీయుడికి లైసెన్సు తప్పనిసరి అయింది, యూరోపియనుకు మినహాయింపు దొరికింది. తర్వాత ఇషాపూర్‌లోనే త్రీ నాట్ త్రీ గొట్టాలను లోపల తొలిచి, గాడులు పోగొట్టి, .410 మస్కెట్లుగా మార్చారు. తూటాల పెట్టెలో చెక్క ముక్క బిగించి ఒక్కొక్క తూటాయే పెట్టేట్టు చేశారు. వాటిని పోలీసులకు, జైలు కాపలాదార్లకు ఇచ్చారు. సొంత పోలీసునూ నమ్మని ప్రభుత్వం అది. 1919 ఏప్రిల్ 13న జలియన్‌వాలా బాగ్‌లో 1,650 తూటాలు కురిపించిన రైఫిళ్ల గాడులను మాత్రం ఎవరూ తొలచలేదు.

స్వాతంత్ర్యం వచ్చాకా ఆ నీడ కొంత మిగిలింది. సైనిక తూటా పౌరుడి చేతిలో పనికిరాకూడదని, అదే లీ బోల్టుతో .315 కొలత రైఫిళ్లను ప్రభుత్వ కర్మాగారాలు లైసెన్సుదార్లకు తయారుచేశాయి. త్రీ నాట్ త్రీ మాత్రం పోలీసుల చేతుల్లో దశాబ్దాలు ఉండిపోయింది. ఉత్తరప్రదేశ్ పోలీసులు దానికి వీడ్కోలు చెప్పింది 2020 జనవరి 26న.

అందుచేత తుపాకికి కట్టుబాట్లే వద్దని మేము అనం. వైద్యులుగా తూటా ఏం చేస్తుందో చూసినవాళ్లం. 1963లో కెనెడీని చంపిన రైఫిలు కూడా పోస్టులో వచ్చిన చవక సైనిక సరుకే. టెలిస్కోపుతో కలిపి 19.95 డాలర్లు. ఆ తర్వాత 1968 చట్టం పోస్టు అమ్మకాలను, సైనిక రైఫిళ్ల దిగుమతిని ఆపింది. పాతకాలపు వాటికి 1984లో మళ్లీ దారి తెరిచారు. మా పెద్దాయన రైఫిలు ఆ దారినే వచ్చి, 1980ల చివర ఆయన చేతికి చేరింది. అయితే అందరి క్షేమం కోసం అందరికీ వర్తించే చట్టం వేరు. ఒక జాతిని నమ్మక, ఆ జాతి చేతికిచ్చే తుపాకి గొట్టాన్ని తొలిచేయడం వేరు.

ఈ కథంతా ఆయనకు చెప్పాం. కాసేపు మౌనంగా రైఫిలును తిప్పితిప్పి చూశారు. కోసేసిన చెక్క ఏం చేశారని అడిగాం. “ఆ చలికాలమే పొయ్యిలో వేశాను. ఇదంతా తెలిసుంటే దాచేవాణ్ణి” అన్నారు. మార్చని సైనిక రైఫిళ్లకే నేడు సేకర్తలు ఎక్కువ ధర ఇస్తున్నారు. ఆయన విచారం మాత్రం ధర గురించి కాదు.

మీ పొరుగువారి ఇంట్లో ఇషాపూర్ ముద్ర కనబడితే వారికీ ఈ రెండో చరిత్ర చెప్పండి. దగ్గరికి మీ పిల్లలనూ పిలవండి. ఇక్కడి బడిలో వాళ్లకు ఇది చెప్పేవారు లేరు.