మెలోడీ ఏ ఇంటి లఫ్జ్?

మనవాళ్లు సినిమా పాటల్ని రెండు ఖాతాల్లో వేస్తారు. ఒకటి మాస్, ఇంకోటి మెలోడీ. మెలోడీ అంటే మెత్తగా, నెమ్మదిగా సాగే పాట అని మతలబ్. అసలు లఫ్జ్‌లో నెమ్మది అన్న మాటే లేదు. తీన్మార్ దరువు మీద పాడే పాటకైనా మెలోడీ ఉంటుంది. స్వరాలు ఒకదాని వెంట ఒకటి కుదురుగా నడిస్తే చాలు.

ఈ లఫ్జ్ పుట్టిల్లు ఇంగ్లీషు కాదు, యూనానీ. యూనానీ అంటే హకీం సాబ్ మందులే యాదికొస్తాయి గానీ, గ్రీకు జబానుకు ఉర్దూలో అదే పేరు. అందులో 'మెలోస్', 'ఓడె' రెండూ కలిసి 'మెలోడియా' అయింది. ఓడె అంటే పాడటం. మెలోస్ అంటే పాట, దానికే ఒంట్లోని అవయవం అనే అర్థం కూడా ఉంది. పాట అంటే కీళ్లు కుదిరిన ఒళ్లు అనుకుంటే నాకైతే మస్తు నచ్చుతుంది. ఇదే ఓడె ట్రాజెడీలోనూ ఉంది. అక్కడ ముందున్న 'ట్రాగోస్' అంటే మేకపోతు. అంటే మన కన్నీళ్ల ట్రాజెడీ అక్షరాలా మేకపాట!

మెలోడియా లాటిన్‌లోకి, అక్కడి నుంచి ఫ్రెంచిలోకి పోయి, 13వ శతాబ్దంలో ఇంగ్లీషు చేరింది. 14వ శతాబ్దంలో చాసర్ చిన్న పిట్టల కూతకు దీన్ని వాడాడు. మెలోడియస్ కూడా ఆ శతాబ్దపు లఫ్జే. కొందరు దీన్ని తేనెతో ముడిపెడతారు. తేనె ఉన్నది మెల్లిఫ్లూయస్‌లో, లాటిన్ 'మెల్' నుంచి. ఈ రెంటికీ రిష్తా లేదు.

మ్యూజిక్ అందరిదీ, మౌసీఖీ తురకలదీ అనే ఖయాల్ ఒకటి మన దగ్గర నడుస్తుంటుంది. రెండూ యూనానీ 'మౌసికె' బిడ్డలే. ఒకటి లాటిన్ దారిన పడమరకు పోయింది, ఇంకోటి అరబ్బీ దారిన మనదాకా వచ్చింది. 950లో కన్నుమూసిన అల్ ఫారాబీ తన పెద్ద గ్రంథానికి 'కితాబుల్ మూసీఖా అల్ కబీర్' అనే పేరు పెట్టాడు. ఇక ఉర్దూలో రోజూ వాడే సురీలా సంస్కృత స్వరం నుంచి వచ్చిందే. దాన్ని ఏ ఖాతాలో వేద్దాం?

అరబ్బీలో మెలోడీకి మాట 'లహ్న్'. దానికీ రెండు ముఖాలు: ఒకటి రాగం, రెండోది ఉచ్చారణలో, వ్యాకరణంలో తప్పు. అందుకే ఖిరాత్ బాగుంటే ఖారీ సాబ్‌ని 'ఖుష్ ఇల్హాన్' అని మెచ్చుకుంటాం. అదే తజ్వీద్ సబఖ్‌లో ఉస్తాద్ నోట లహ్న్ అని వినబడిందా, పిల్లవాడు ఆయత్‌ని మళ్లీ మొదటి నుంచి చదవాల్సిందే.