రీలు కడిగించిన నాటి నుంచి ఇంటి ప్రింటర్ దాకా



పోయిన నెల సోలాపూర్‌లో మన సంఘం హాలుకి సున్నం వేయిద్దామని గోడ మీది ఫోటోలన్నీ దింపాం. మొత్తం మూడు వరుసలు. పై వరుసలో సంఘం మొదలుపెట్టిన పెద్దల నలుపు తెలుపు ఫోటోలు. వాళ్ళ తలపాగాల మడతలు ఇప్పటికీ లెక్కపెట్టవచ్చు. నడిమి వరుసలో 1980ల నాటి రంగుల ఫోటోలు. అందులో అందరి మొహాలూ ఎర్రబారాయి. కింది వరుస మేమే ఎనిమిదేళ్ళ కింద ఇంటి ప్రింటర్ మీద తీసి ఫ్రేము కట్టించినవి. వాటిలో నాలుగింటిలో మనిషి ఆనవాలే లేదు, పసుపు మరక మిగిలింది.

ఆ నాలుగింటిలో ఒకటి, ఇరవై ఏళ్ళు సంఘం లెక్కలు రాసిన ఒక పెద్దాయనది. ఆయన బిడ్డ వచ్చి చూసి, "మా నాయిన ఫోటో ఇంట్ల గూడ లేదన్నా. హాల్ల ఉన్నది గదా అనుకున్నం" అంది. ఫోటో ఉన్న ఫోను ఎప్పుడో పాడైపోయింది. మాకు నోట మాట రాలేదు. పాతవి నిలిచి కొత్తవి ఎందుకు పోయాయని అప్పటి నుంచి అడిగి, చదివి తెలుసుకున్నది ఇక్కడ పెడుతున్నాం.

ఫోటో మన దేశానికి కొత్తది కాదు. బొంబాయిలో ఫోటోగ్రాఫిక్ సొసైటీ 1854లోనే ఏర్పడింది. మన తాతలు విడిచి వచ్చిన నిజాం రాజ్యంలో రాజా దీన్ దయాళ్ ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్‌కు ఆస్థాన ఫోటోగ్రాఫర్. అయితే ఆ కెమెరా ఎక్కువగా చూసింది నవాబులనూ దొరలనూ. 1877లో జూనీ మిల్లు మొదలైన ఈ ఊరికి మూటాముల్లె సర్దుకుని వచ్చిన సాలె కుటుంబాలకు ఫోటో చాలా కాలం అందని పండే.

మొదట్లో ఫోటో తీసినవాడే అచ్చు కూడా వేసుకోవాలి. 1888లో అమెరికాలో ఈస్ట్‌మన్ తెచ్చిన కొడాక్ కెమెరా ఆ పద్ధతి మార్చింది. నూరు ఫోటోలు అయ్యాక కెమెరాను అలాగే రోచెస్టర్‌లోని ఫ్యాక్టరీకి పంపాలి. పది డాలర్లు తీసుకుని ప్రింట్లు వేసి, కొత్త రీలు నింపి తిప్పి పంపేవారు. మామూలు జనానికి ల్యాబు అలవాటైంది అలాగే.

మన పేటల్లో ల్యాబంటే స్టూడియో వెనక చీకటి గది. ఎర్ర బల్బు, డెవలపర్ తొట్టి, హైపో తొట్టి, చివరికి నీళ్ళు. ప్రభుత్వం 1960లో ఊటీకి మంజూరు చేసిన హిందుస్థాన్ ఫోటో ఫిల్మ్స్ 'ఇందు' పేరుతో తెచ్చిన సరుకు ఎందరో స్టూడియోవాళ్ళకు ఆధారమైంది. నలుపు తెలుపు ఫోటోలో మనకు కనిపించేది నిజానికి వెండి, సన్నని వెండి రేణువులు. హైపో పూర్తిగా పోయేదాకా కడిగితే ఆ బొమ్మ తరాలు నిలుస్తుంది. తొందరపడి కడిగితే పచ్చబడుతుంది. 'ఫోటోలు కడిగించడం' అనే మాట ఊరికే రాలేదు. మా పై వరుస ఫోటోలను ఎవరో ఓపికగా కడిగారు.

రంగుల ఫోటోలో చివరికి వెండి మిగలదు, అద్దకం రంగులే మిగులుతాయి. పక్కా రంగుకీ కచ్చా రంగుకీ తేడా మగ్గం పట్టిన మనకు ఒకరు చెప్పనక్కరలేదు. ఆ కాలపు కాగితాల్లో చాలావాటిలో నీలి రంగు ముందు పోయేది. అందుకే నడిమి వరుస ఎర్రబారింది. రంగుల రీలు కడగాలంటే డెవలపర్ వేడి దాదాపు 38 డిగ్రీల దగ్గర కదలకుండా ఉండాలి. వెనక గదిలో అది కష్టం కాబట్టి రీళ్ళు పెద్ద ఊళ్ళకు వెళ్ళేవి. తర్వాత మినీల్యాబులు వచ్చి గంటలో ప్రింట్లు చేతికిచ్చాయి.

1990ల చివరికి ఇంటి ఇంక్‌జెట్ ప్రింటర్లు ఫోటోలు తీసే స్థాయికి వచ్చాయి. రాత్రి పది గంటలకు పాస్‌పోర్టు ఫోటో కావాలంటే దానికి మించింది లేదు. మేము చేసిన తప్పు వేరు. చవక రీఫిల్ సిరా పోశాం, మామూలు కాగితం వాడాం, ఎండ పడే గోడకు తగిలించాం. అలాంటి సిరాను వెలుతురు, గాలి, తేమ మూడూ తినేస్తాయి. పిగ్మెంట్ సిరా, దానికి తగిన కాగితం వాడితే ఇంటి ప్రింటు కూడా చాలా ఏళ్ళు నిలుస్తుంది. కానీ అప్పుడు ఖర్చు ల్యాబును దాటుతుంది. పైగా నెలల తరబడి వాడకపోతే ప్రింటర్ మూతి ఎండి మూసుకుపోతుంది.

ల్యాబులో ఇప్పటికీ ఫోటో కాగితం మీద లేజరు వెలుగుతో బొమ్మ వేసి, మందుల్లో కడుగుతారు. నేటి కాగితాల రంగులు 1980ల నాటి వాటికన్నా ఎంతో గట్టివి. అయితే కొన్ని ల్యాబులు కూడా ఇంక్‌జెట్‌కే మారాయి, అడిగి తెలుసుకోవాలి. 4x6 ప్రింటుకు కనీసం 1200x1800 పిక్సెళ్ళుంటే మంచిది. వాట్సాప్‌లో మామూలుగా పంపితే ఫోటో చిక్కిపోతుంది, డాక్యుమెంటుగా పంపండి.

ఇక మీదట గోడకెక్కే ప్రతి ఫోటో ల్యాబులోనే వేయిద్దాం. రెండు కాపీలు తీసి, ఒకటి ఆ ఇంటివాళ్ళకు ఇద్దాం. వెనక పెన్సిలుతో పేరు, ఏడాది రాద్దాం. రోజువారీ అవసరాలకు ఇంటి ప్రింటర్ చాలు.

చివరగా ఒక మాట. ఆ పెద్దాయన ఏటా నారళీ పౌర్ణమి నాడు మార్కండేయ రథం వెంట నడిచేవారు. మీ పెట్టెల్లో, ఆల్బముల్లో, పాత నెగటివుల్లో ఆ ఊరేగింపు ఫోటోలు ఏమున్నా హాలుకి తీసుకురండి. ఏదో ఒక మూల ఆయన నిలబడి ఉండకపోరు. ఆ బిడ్డకు మేము బాకీ ఉన్నాం.