ఫిలడెల్ఫియా బడులు, తిరిగొచ్చిన బిడ్డలు

అమెరికాలో ఆకులు రాలే కాలం మొదలయ్యిందంటే హైస్కూళ్లలో పాత విద్యార్థులు బడికి తిరిగొచ్చే హోమ్‌కమింగ్ సందడి కూడా మొదలైనట్టే. శుక్రవారం సాయంత్రం బ్యాండు మేళం, శనివారం ఫుట్‌బాల్ ఆట, రాత్రికి డాన్సు. కాథలిక్ బడుల్లో చాలాచోట్ల ఆదివారం కూడా దీనికి తోడవుతుంది. ఆ ఉదయం దివ్యబలి పూజ, అందులో కన్నుమూసిన పూర్వ విద్యార్థుల కోసం ప్రార్థన, ఆ తర్వాత అందరికీ ఒకే పంక్తిలో భోజనం. చూసేవాళ్లకు ఇదొక వారాంతపు వేడుక. ఫిలడెల్ఫియా ప్రాంతంలో మాత్రం పాత విద్యార్థులకు బడితో ఉన్న ఈ అనుబంధమే ఒకప్పుడు నాలుగు బడులను మూతపడకుండా ఆపింది.

హోమ్‌కమింగ్‌ను ఎవరు మొదలుపెట్టారన్న తగువు అమెరికాలో నేటికీ తెగలేదు. 1909లో తామే పిలిచామని టెక్సస్‌లోని బేలర్ విశ్వవిద్యాలయం అంటుంది, 1910 తమదని ఇల్లినాయ్ అంటుంది. ఎక్కువగా వినిపించే పేరు మిస్సోరిది. 1911లో కాన్సస్‌తో జరగాల్సిన ఆట తటస్థ మైదానం నుంచి సొంత ఊరికి మారింది. జనం రారేమోనని క్రీడల అధికారి చెస్టర్ బ్రూవర్ పాత విద్యార్థులను ఇంటికి రమ్మని పిలిచాడు. వేల మంది తరలివచ్చారు, ఆట 3-3తో సమంగా ముగిసింది. విశ్వవిద్యాలయాల్లో పుట్టిన ఈ ఆచారం తర్వాత హైస్కూళ్లకు పాకింది.

ఫిలడెల్ఫియా కాథలిక్కులకు బడితో ఉన్న బంధం అంతకంటే చాలా పాతది, నిప్పుల్లో పుట్టినది కూడా. 19వ శతాబ్దంలో ప్రభుత్వ పాఠశాలల్లో పిల్లలు ప్రొటెస్టెంట్ల కింగ్ జేమ్స్ బైబిలు చదవాల్సి వచ్చేది. కాథలిక్ పిల్లలను తమ బైబిలు చదువుకోనివ్వండని బిషప్ ఫ్రాన్సిస్ కెన్రిక్ అడిగాడు. వలస వచ్చిన ఐరిష్‌వాళ్ల మీద అప్పటికే రగులుతున్న ద్వేషానికి ఆ మాట ఆజ్యమైంది. 1844 మే నెలలో కెన్సింగ్టన్ పేటలో అల్లర్లు చెలరేగాయి. ఇళ్లు కాలాయి, ప్రాణాలు పోయాయి. సెయింట్ మైకేల్, సెయింట్ అగస్టీన్ చర్చీలు బూడిదయ్యాయి. తమ పిల్లలకు తమ బడే దిక్కని ఆ పేదజనం తీర్మానించుకోవడానికి అంతకు మించిన కారణం అక్కర్లేకపోయింది.

1852లో ఫిలడెల్ఫియా బిషప్‌గా వచ్చిన జాన్ న్యూమన్ విడివిడిగా ఉన్న బడులను మేత్రాసనం (బిషప్ పాలనలోని ప్రాంతం) అంతటికీ ఒకే వ్యవస్థగా కట్టాడు. 1977లో ఆయనను పునీతుడిగా ప్రకటించారు. 1884లో బాల్టిమోర్‌లో జరిగిన బిషప్పుల మహాసభ ప్రతి విచారణలోనూ (ఒక చర్చి కిందికి వచ్చే ప్రాంతం) చర్చి పక్కన బడి ఉండాలని ఆదేశించింది. అయితే ఇవన్నీ చిన్న తరగతుల బడులు. అవి దాటాక కార్మికుల పిల్లాడికి మిల్లో రేవో తప్ప మరో దారి ఉండేది కాదు.

ఆ దారిని మార్చినవాడు బొగ్గు వ్యాపారి థామస్ కాహిల్. 1878లో చనిపోతూ, మగపిల్లలకు ఉచిత హైస్కూలు కట్టడానికి తన ఆస్తిని రాసిపెట్టి వెళ్లాడు. బ్రాడ్, వైన్ వీధుల కూడలిలో 1890లో రోమన్ కాథలిక్ హైస్కూలు తలుపులు తెరిచింది. అమెరికాలో మేత్రాసనం తరఫున ఉచితంగా నడిచిన తొలి కాథలిక్ హైస్కూలు అదే. అక్కడ చదివినవాళ్లు ఈనాటికీ తమను కాహిలైట్లమని చెప్పుకుంటారు. ఆడపిల్లలకు అలాంటి బడి మరికొన్నేళ్లకు వచ్చింది. తర్వాత హాలహన్ బాలికల హైస్కూలన్న పేరుతో ప్రసిద్ధికెక్కినది అదే.

ఈ బడులను నిజంగా నడిపినవాళ్ల పేర్లు ఏ గోడ మీదా ఉండవు. తమ పిల్లల హైస్కూలు ఖర్చును చాలా కాలం విచారణలు భరించాయి, ఆ సొమ్ము ఆదివారం కానుకల పళ్లెంలో పడిన చిల్లర. పాఠాలు చెప్పిన మఠకన్యలు, బ్రదర్లు తిండికీ గుడ్డకూ సరిపోయేంత మాత్రమే తీసుకున్నారు. పాత విద్యార్థుల మనసులో ఆ బాకీ ఎప్పుడూ ఉండేది.

ఆ బాకీని గుర్తుచేసుకునే పద్ధతి ఫుట్‌బాల్‌తోనే మొదలు కాలేదు. కాథలిక్ సంఘాల్లో కమ్యూనియన్ బ్రేక్‌ఫాస్ట్ అనే ఆచారం ఉండేది. దివ్య సత్ప్రసాదం స్వీకరించేవాళ్లు ముందురోజు అర్ధరాత్రి నుంచి పచ్చి మంచినీళ్లు కూడా ముట్టకూడదన్నది అప్పటి నియమం. అందుకే పూజ ముగియగానే ఆకలితో ఉన్నవాళ్లంతా హాల్లో బల్లల ముందు కూర్చునేవారు. గుడ్లు, కాఫీ, ఒక పెద్దమనిషి ప్రసంగం. పోలీసు, జడ్జి, రేవు కూలీ ఒకే బల్ల దగ్గర తినేవారు. 1953లోనూ 1957లోనూ పన్నెండో పయస్ పోపు ఆ నియమాన్ని సడలించారు, 1964లో ఉపవాసం ఒక్క గంటకు తగ్గింది. ఆకలితో పని లేకుండా పోయినా కలిసి తినే అలవాటు మాత్రం మిగిలింది. కాథలిక్కులకు నవంబరు మృతులను తలుచుకునే నెల. ఫుట్‌బాల్ ఋతువు ముగిసేదీ అప్పుడే. ఆటనూ పూజనూ కలిపి ఒకే వారాంతంలో పెట్టడానికి కాలమే అనువు కల్పించింది.

ఆట అంటే మామూలు ఆట కాదు. 1945లో నగర ఫుట్‌బాల్ విజేత ఎవరో తేల్చడానికి కాథలిక్ లీగ్ నుంచి వెస్ట్ కాథలిక్, ప్రభుత్వ బడుల నుంచి సదరన్ తలపడితే ఫ్రాంక్లిన్ ఫీల్డ్‌కు 54,000 మంది వచ్చారు. హైస్కూలు పిల్లల ఆటకు అంత జనం!

బడులూ అంతే పెద్దవి. 1926లో మొదలైన నార్త్‌ఈస్ట్ కాథలిక్ హైస్కూల్లో 1950ల నాటికి 4,700 మందికి పైగా మగపిల్లలు చదివారు. దాన్ని నడిపింది పునీత ఫ్రాన్సిస్ డి సేల్స్ పేరు పెట్టుకున్న ఆబ్లేట్ గురువులు.  1956లో తెరిచిన కార్డినల్ డోహర్టీ హైస్కూల్లో 1960ల నాటికి విద్యార్థులు 6,000 దాటారు.

ఆ తర్వాత కథ తిరగబడింది. 1960ల తొలినాళ్లలో దేశమంతటా కాథలిక్ బడుల్లో 52 లక్షల మంది చదివేవారు, ఇప్పుడు ఆ సంఖ్య సుమారు 17 లక్షలు. మిల్లులు మూతపడి కుటుంబాలు శివార్లకు తరలిపోయాయి. ఇంటికి పిల్లలు తగ్గారు. మఠాల్లో చేరేవారు కరువయ్యారు, జీతం ఇచ్చి బయటి టీచర్లను పెట్టుకోవాల్సి వచ్చింది. ఒకప్పుడు ఉచితమైన చదువుకు ఫీజు వచ్చింది, అది ఏటా పెరిగింది. 2010లో కార్డినల్ డోహర్టీ, నార్త్‌ఈస్ట్ కాథలిక్ రెండూ ఒకేసారి మూతపడ్డాయి. అప్పటికి వాటిలో ఏ ఒక్కదానిలోనూ 700 మంది లేరు.

2012 జనవరి 6న మరో పిడుగు పడింది. ఫిలడెల్ఫియా మేత్రాసనం నియమించిన కమిషన్ ఇంకో నాలుగు హైస్కూళ్లను మూసేయమని సిఫార్సు చేసింది. వెస్ట్ కాథలిక్, సెయింట్ హ్యూబర్ట్, కాన్వెల్-ఈగన్, బానర్-ప్రెండర్‌గాస్ట్. ఏడు వారాలు. పాత విద్యార్థులు ఊరేగింపులు తీశారు, జపమాల చెప్పుకున్నారు, చందాలు పోగుచేశారు. పెద్ద దాతలూ కదిలారు. హామీలు 1.2 కోట్ల డాలర్లు దాటాయి. ఫిబ్రవరి 24న ఆర్చ్‌బిషప్ చార్లెస్ షాప్యూ నాలుగు బడులూ కొనసాగుతాయని ప్రకటించారు. ఏళ్ల తరబడి ఏటా కలుస్తూ, ఒకరి చిరునామా ఒకరి దగ్గర ఉంచుకున్న జనం కాకపోతే ఏడు వారాల్లో ఇది జరిగే పని కాదు.

ప్రతిసారీ ఇలా గెలవలేదు. హాలహన్ అమ్మాయిలకు మికీ మౌస్ గుర్తుగా ఉండేది. చదువు ముగిసిన రోజున యూనిఫారాలతోనే లోగన్ సర్కిల్ ఫౌంటెన్‌లో దూకడం వాళ్ల ఆనవాయితీగా ఉండేది. కాపాడుకోవాలని పూర్వ విద్యార్థినులు ఎంత పోరాడినా 2021 జూన్‌లో ఆ బడి మూతపడింది. డబ్బు పోగుచేయవచ్చు కానీ, బడిలో చేరే పిల్లలను చందాలతో తేలేం. నార్త్‌ఈస్ట్ కాథలిక్ భవనంలో ఇప్పుడు మరో బడి నడుస్తోంది.

తెలుగునాట కూడా పదో తరగతి బ్యాచ్‌ల కలయికలు ఇప్పుడు జోరుగా సాగుతున్నాయి. సన్మానాలు, శాలువాలు, ఫొటోలు అన్నీ జరగనివ్వండి. ఈసారి మీరు వెళ్తే, భోజనాలకు ముందే హెడ్మాస్టరును పక్కకు పిలిచి ఒక్క ప్రశ్న అడగండి: ఈ ఏడు ఆరో తరగతిలో ఎంతమంది చేరారు?